పెద్దమ్మ అడిగిన గంగ

2023 చలికాలం. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో బట్టల కొట్టు మీద, మేడమెట్లు ఎక్కగానే కనిపించే చిన్న గది నా ట్రావెల్స్ ఆఫీసు. ఏ రోజు ఎక్కడ దిగాలి, ఏం చూడాలి, రాత్రి ఎక్కడ ఉండాలి అని వేసిచ్చే ఏర్పాటును మా పనిలో ఐటినరరీ అంటారు. నేను వేశాక దాన్ని ఎవరూ దిద్దరు. దిద్దనివ్వను.

ఆ రోజు వచ్చింది రమణ. తాల్‌బగీచాలో ఉంటాడు, రైల్వే వర్క్‌షాపులో టెక్నీషియన్. వారం సెలవు దొరికింది, ఇంటిల్లిపాదికీ రైల్వే పాస్ ఉంది, కాశీకి ఏర్పాటు చెయ్యమన్నాడు. గంగను చూడాలని వాళ్లమ్మ ఏళ్ల తరబడి అడుగుతోందట. పక్కనున్న భార్య లక్ష్మి, ఈ చలిలో కాశీ వెళ్తే అత్తగారి దగ్గు ఏం కావాలి, వెచ్చగా సముద్రం వైపు పోదామని మెల్లగా అంది. రమణ వినలేదు. త్వరలో అమ్మకు మోకాళ్ల ఆపరేషన్, ఆ తర్వాత ఎంతమాత్రం తిరగగలదో డాక్టరే చెప్పడం లేదు, ఈసారి అమ్మ మాటే చెల్లాలన్నాడు.

మంచి కొడుకే, కాదనను. కానీ ప్రయాణం చేసే మనిషిని అడగకుండా నేను ఏదీ ఖాయం చెయ్యను. అమ్మేదీ అంటే కింద టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, కూర్చుంది, మెట్లు ఎక్కలేదన్నాడు. నేను దిగగలను కదా, దిగాను.

పెద్దమ్మ పేరు అప్పలమ్మ. కాశీ అనగానే ఆవిడ మొహం పాలిపోయింది.

"కాశీ ఎందుకమ్మా? నానేటి సచ్చిపోతన్నానా?"

"గంగను చూడాలన్నావట కదా పెద్దమ్మా."

"గంగన్నాను గానీ కాశీ అన్నానా?"

కాశీలో ఉన్నదే గంగ అని రమణ అందుకోబోయాడు. నువ్వు ఆగు అన్నాను. గంగ దగ్గరికి వెళ్లి ఏం చేస్తావని ఆవిడనే అడిగాను.

"ఇసకలో కూకుంటాను. వల లాగతారు కదా, సూత్తాను. మా అయ్య లాగీవోడు."

పుట్టిల్లు ఎక్కడంటే కళింగపట్నం అంది. అప్పుడు తెలిసింది. ఆ తీరంలో వలవాళ్లకు సముద్రమే గంగ. బెంగాల్లో పుట్టి పెరిగిన కొడుక్కి గంగంటే నది. ఒకే ఇంట్లో ఒకే మాట, ఒకరికి ఉప్పు నీళ్లు, ఒకరికి మంచి నీళ్లు. ఇన్నేళ్లూ ఎవరూ రుచి అడగలేదు.

సముద్రమే అయితే మన బెంగాల్ తీరంలో దీఘా దగ్గరే కదా దీదీ, నీళ్లు ఎక్కడైనా ఒకటే అని రమణ వాదనకు దిగాడు. నాతో వాదన.

"నిన్ను అత్తారింటికి రమ్మంటే పక్కింటికి వెళ్తావా? తలుపులు రెండిళ్లకీ ఉంటాయి" అన్నాను. లక్ష్మి నవ్వుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

పాస్ విశాఖ దాకా తీసుకుని దారిలో బ్రేక్ జర్నీ పెట్టించాను. అంటే మధ్య స్టేషన్లో దిగి, చూడాల్సింది చూసుకుని, అదే పాస్ మీద మళ్లీ రైలెక్కడం. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగితే కళింగపట్నం, శాలిహుండం, అరసవల్లి, శ్రీకూర్మం. తర్వాత లక్ష్మి కోసం భీమిలి, విశాఖ. ఆ వారం నా బృందం ఒకటి అటే వెళ్తుండటంతో నేనూ బయల్దేరాను.

ఖరగ్‌పూర్‌లో స్వెటర్లతో రైలెక్కినవాళ్లం కళింగపట్నంలో చెమటలు తుడుచుకున్నాం. బృందంలోవాళ్లంతా లైట్‌హౌస్ వైపు పోయారు. పెద్దమ్మ పడవల పక్కన ఇసకలో కూర్చుంది. వాళ్ల ఇల్లు ఉన్న చోట ఇప్పుడు ఏమీ లేదు. ఎరిగినవాళ్లూ ఎవరూ ఎదురుపడలేదు. ఆవిడ ఆ ఖాళీ చోటు వైపే చూస్తూ ఉండేసరికి రమణ నా దగ్గరికొచ్చాడు. ఇంత దూరం తెచ్చి అమ్మను ఏడిపిస్తున్నామేమో, కాశీకే పోవలసింది అని గొణిగాడు.

అంతలో వల భుజాన వేసుకుని ఒకాయన అటు వచ్చి, వెళ్తూ వెళ్తూ అన్నాడు.

"గంగ పోటు మీదుంది, ఎనక్కి జరగండమ్మా."

పెద్దమ్మ గిరుక్కున కొడుకు వైపు తిరిగింది.

"ఇన్నావేట్రా రవణా?"

విన్నాడు. చెయ్యిచ్చి లేపబోయాడు. ఆవిడ కదల్లేదు. నీళ్లు వచ్చి మోకాళ్ల దాకా తడిపి పోయాయి. వాడు కూడా చెప్పులు విడిచి పక్కన కూర్చున్నాడు.

ఇప్పుడు నా ఆఫీసుకు ఎవరొచ్చినా ఎక్కడికని ముందు అడగను. అక్కడికెళ్లి ఏం చేస్తారని అడుగుతాను. ఈవిడకెందుకీ ఆరాలు అని కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ. సమాధానం చెప్పేదాకా నేను కలం తియ్యను.