జిగ్గిట్ తర్వాత పిప్

హెస్టర్ ఆల్డర్సన్ బూడిదరంగు స్వెట్టర్ ఎన్నికలున్న ఏడు ఒక్కరోజే బీరువాలోంచి బయటికి వచ్చేది. నీలం ఒక పార్టీది, ఎరుపు ఇంకొకళ్లది, పసుపూ ఆకుపచ్చా కూడా ఎవరో ఒకరి సొత్తే. బూడిదరంగు మీద మాత్రం ఇంతవరకూ ఎవరూ చెయ్యి వెయ్యలేదు. మే నెల మొదటి గురువారం జిల్లా కౌన్సిల్ పోలింగ్ అయితే, శుక్రవారం పొద్దున ఆవిడ ఆ స్వెట్టర్ తొడుక్కుని, చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కుని, చీజ్ పెట్టిన రొట్టెముక్కలు కాగితంలో చుట్టుకుని ఏడున్నర బస్సెక్కేది. ఓట్లు లెక్కపెట్టడానికి. అలా ముప్ఫై ఎనిమిదేళ్లు.

ఆవిడ పుట్టింది కొండ మీద గొర్రెలవాళ్ల ఇంట్లో. తండ్రి ఐజాక్ మందని ఒకటి, రెండు అని లెక్కపెట్టేవాడు కాదు. ఆ కొండల పాత లెక్క వేరు. యాన్, టాన్, టెథెరా, మెథెరా, పిప్. పిప్ అంటే ఐదు. డిక్ పది, బంఫిట్ పదిహేను, జిగ్గిట్ ఇరవై. అక్కడితో అంకెలు సరి. జిగ్గిట్ అనగానే ఒక గులకరాయి జేబులో వేసుకుని మళ్లీ యాన్ నుంచి మొదలు. మన కల్లాల్లో కొలిచేవాడు ఒకటి అనకుండా లాభం అన్నట్టే, ఐజాక్‌కి కూడా గొర్రె మీద మామూలు అంకె వేస్తే అచ్చిరాదని ఒక నమ్మకం. నాలుగేళ్ల హెస్టర్ గేటు కమ్మీ మీదికెక్కి తండ్రితో పాటు పెదవులు కదిపేది. ఒకసారి గుక్క తిప్పుకోలేక బంఫిట్ మింగేస్తే, ఐజాక్ మందనంతా వెనక్కి మళ్లించి మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. కోప్పడలేదు. “లెక్కలో లేనిది కొండ మీద చచ్చినట్టే తల్లీ,” అన్నాడంతే.

తల్లికి ఒకే ఒక్క టోపీ ఉండేది. చావులకీ ఓటుకీ మాత్రం పెట్టుకునేది. ఊరి బడిలో చెక్కలు అడ్డుపెట్టిన మూలకి వెళ్లి, దారానికి వేలాడే పెన్సిల్ పట్టుకుని ఆవిడ లోపల నిలబడితే, బయట నుంచి బూట్లు మాత్రమే కనిపించేవి. వచ్చాక ఎవరికి వేశావమ్మా అని హెస్టర్ అడిగితే, “ఓటు లోపలి బనీను లాంటిది. ఉండాలి, చూపించకూడదు,” అనేది. హెస్టర్ జన్మంతా ఆ మాటే పట్టుకుంది. నలభై ఏళ్లు కాపురం చేసి పోయిన భర్త నెడ్‌కి కూడా తన ఓటు సంగతి చెప్పలేదు.

బడి వంటింట్లో పిల్లలకి మధ్యాహ్నం భోజనాలు వండుతూ ఉండగా, చెయ్యి చురుకైన వాళ్లు కావాలని కౌన్సిల్ గుమస్తా అడగడానికి వచ్చాడు. ఓట్ల కాగితాలు ఇరవై అయిదేసి చొప్పున కట్టాలి, లెక్క తప్పకూడదు అన్నాడు. హెస్టర్‌కి అదేమంత పని? ఒక జిగ్గిట్, దాని తర్వాత ఇంకో పిప్. ఆపైన రబ్బరు బ్యాండు. పైకి వినిపించదు, పెదవుల చివర చిన్న కదలిక.

కానీ మొదటిరోజు పెట్టె బల్ల మీద బోర్లించినప్పుడు చేతులు ఆడలేదు. కాగితాలు కుప్పగా జారి పడ్డాయి. కొన్ని నాలుగు మడతలు. కొన్ని ప్రేమలేఖలా బుల్లి చదరాలు. కొన్ని అసలు మడతే లేకుండా, చూసుకోండి నాకేం భయం అన్నట్టు. ఒక్కొక్క మడత విప్పుతుంటే ఒక్కొక్క మనిషి బూట్లు కళ్లముందు నిలిచేవి. ఆ మనిషికి మేనేజరు ఉండవచ్చు, అత్తగారు ఉండవచ్చు, భూస్వామి ఉండవచ్చు. ఆ చెక్కల మధ్య ఆ అరనిమిషం మాత్రం ఎవ్వరూ లేరు. నచ్చిన పేరు పక్కన గడిలో ఇంటూ గుర్తులా రెండు గీతలు గీసి వెళ్లిపోయాడు. ఆ రెండు గీతలకి రేపు పెద్దపెద్దవాళ్లు తల వంచాలి. హెస్టర్‌కి చర్చిలో కూడా అంత ఒళ్లు జలదరించలేదు. ముప్ఫై ఎనిమిదేళ్లయినా ఆ జలదరింపు పాతబడలేదు. చెప్పుకుంటే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు.

ముప్ఫై ఎనిమిదో ఏడు పోటీ థార్న్‌బెక్ వార్డుకి. ఒకే సీటు. ఒకవైపు ఆంబ్రోస్ ఫాసెట్, హెస్టర్‌తో కలిసి బడికి నడిచినవాడు, ఇప్పటికీ గొర్రెలే పెంచుతాడు. పాత సంత మైదానాన్ని ముట్టుకోనివ్వనని అతని మాట. ఐజాక్ మందని లెక్కపెట్టిన గేటు ఆ మైదానంలోదే. ఇంకోవైపు రొవీనా బ్లైత్, ఊళ్లోకి వచ్చి పదకొండేళ్లయిన నర్సు. ఊరి పిల్లలు పెళ్లి చేసుకుని ఉండటానికి కొంపలేక పట్నం పోతున్నారు, ఆ మైదానంలో ఇళ్లు కట్టిద్దాం అని ఆమె మాట. హెస్టర్ ఎవరికి వేసిందో ఆవిడకే ఎరుక.

లెక్కింపు క్రీడాప్రాంగణం హాల్లో. నేల మీద బ్యాడ్మింటన్ గీతలు, పైన చిక్కుకుపోయిన రెండు షటిల్ కాక్‌లు. హెస్టర్ పక్కన ఈసారి కొత్త మనిషి, లాండ్రీలో పనిచేసే గ్లెనిస్. యాభైకి దగ్గరపడింది.

“మీరు కట్టాక నేను మళ్లీ లెక్కపెట్టి చీటీ మీద టిక్కు పెట్టాలట,” అంది గ్లెనిస్.

“అవును, అదే పద్ధతి.”

“మీ కట్టని నేను లెక్కపెట్టడమా! మొన్న మా అక్క ఏమందో తెలుసా? దేవుడు తప్పు లెక్కపెట్టినా హెస్టర్ పెట్టదు అంది.”

“మీ అక్కకి నోరెక్కువ. ముందు చెయ్యి కడుక్కున్నావా?”

పొద్దున పెట్టెలో ఎన్ని కాగితాలున్నాయో సరిచూశారు. ఎనిమిది వందల ఇరవై రెండు. గ్లెనిసే చీటీల మీద రాసింది. తర్వాత ఎవరి ఓట్లు వాళ్లకి వేరుచేసి కట్టలు కట్టడం మొదలైంది. అనుమానపు కాగితాలు ఆరు వచ్చాయి. ఎన్నికల అధికారి క్రాబ్‌ట్రీ వాటిని పైకెత్తి, తద్దినం మంత్రంలా గంభీరంగా చదివాడు. “ఈ ఓటరు ‘ఇద్దరూ వద్దు, మా కుక్క మేలు’ అని రాశారు. చెల్లదు.”

“ఏ జాతి కుక్కో రాయలేదా?” అన్నాడు ఆంబ్రోస్. “ఓడితే మంచి జాతిదానికైనా ఓడాలి కదా!” రొవీనా కూడా పడి నవ్వింది.

అప్పుడే హెస్టర్ చేతికి ఒక కాగితం వచ్చింది. ఆంబ్రోస్ పేరు పక్కన గడిలో గుర్తు ఉంది. కానీ అది రెండు గీతలు కాదు. ఒక గీత మొదలై, జారి, ఆగి, మళ్లీ వెతుక్కుని, ముక్కలు ముక్కలుగా అవతలి అంచు దాకా పాకింది. రెండోది కూడా అంతే. పెన్సిల్ నొక్కిన చోట కాగితం చిరిగింది. ఒక్క ముక్క కూడా గడి దాటలేదు. ఆ చెయ్యి ఎంతసేపు పోరాడిందో! ఏ కర్ర ఊతంతో, ఎవరి భుజం పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, ఆ చెక్కల వెనక భుజం వదిలేసి ఒంటరిగా నిలబడిందో! హెస్టర్ కళ్లజోడు మసకబారింది. జిగ్గిట్, అంది మనసులో. కాగితాన్ని మెల్లగా అన్నిటికన్నా పైన పెట్టింది. నిద్రపోతున్న బిడ్డకి దుప్పటి కప్పినట్టు రబ్బరు బ్యాండు వేసింది. గ్లెనిస్ టిక్కు పెట్టింది.

పన్నెండు కొట్టేవేళకి లెక్క తేలింది. ఆంబ్రోస్‌కి నాలుగు వందల పన్నెండు. రొవీనాకి నాలుగు వందల తొమ్మిది. మూడు ఓట్ల మెజారిటీ. ఆంబ్రోస్ ఏజెంటు కుర్చీ మీంచి ఎగిరినంత పనిచేశాడు. కానీ క్రాబ్‌ట్రీ మొహం ముడుచుకుపోయింది. చెల్లనివి కలిపితే మొత్తం ఎనిమిది వందల ఇరవై ఏడు. పొద్దున లెక్క కన్నా అయిదు ఎక్కువ.

“కాగితాలు పిల్లలు పెట్టవు కదా,” అన్నాడు క్రాబ్‌ట్రీ. “పొద్దున చీటీలు ఎవరు రాశారు?”

అందరి తలలూ గ్లెనిస్ వైపు తిరిగాయి.

“నేనే సార్. ఏడుని రెండులా రాశానేమో... నాకు గుర్తులేదు సార్,” అంది గ్లెనిస్.

“మొదటిసారి కదా, జరుగుతుంది,” అన్నాడు ఆంబ్రోస్ ఏజెంటు ఉదారంగా. “కట్టలు కట్టింది హెస్టర్ గారు. వాటిని విప్పడం దండగ. చీటీ దిద్దేద్దాం.”

క్రాబ్‌ట్రీ రొవీనా వంక చూశాడు. ఆమె తెల్లవారుజాము దాకా ఆస్పత్రి డ్యూటీ చేసి వచ్చింది. “హెస్టర్ గారి కట్టలైతే నాకు అభ్యంతరం లేదండీ,” అంది.

క్రాబ్‌ట్రీ పెన్ను మూత తీశాడు.

హెస్టర్ రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. అయిదు, అనుకుంది. అయిదు అంటే పిప్. ఆ మాట నాలుక చివరికి వచ్చి ఆగిపోయింది. ఆ వణుకు గీతల కాగితం జిగ్గిట్. మరి దాని తర్వాత పిప్ అన్నదా? పెదవులు గుర్తు తెచ్చుకోబోయాయి. గుర్తు రాలేదు. దుప్పటి కప్పడమే గుర్తుంది.

నోరు మూసుకుంటే ముప్ఫై ఎనిమిదేళ్ల పేరు నిలుస్తుంది. తండ్రి గేటు నిలుస్తుంది. ఆంబ్రోస్ గెలుస్తాడు. పోయేది గ్లెనిస్ అనే లాండ్రీ మనిషి పరువు ఒక్కటే. అదీ ఎంత, వారం రోజుల మాట. ఇదంతా ఆవిడ ఆలోచించింది. ఆలోచించలేదంటే అబద్ధం. కానీ ఆ కుప్పలో రొవీనా వైపు వణుకుతూ గీసినవాళ్లు కూడా ఉండి ఉంటారు కదా.

“మూత పెట్టెయ్యండి సార్,” అని హెస్టర్ లేచి నిలబడింది. “తప్పు చీటీలో లేదు. నా కట్టలో ఉంది.”

క్రాబ్‌ట్రీ పెన్నుకి మూత పెట్టాడు.

“ఫాసెట్ గారి కట్టల్లో ఒకదాని పైన, గీతలు ముక్కలు ముక్కలుగా ఉన్న కాగితం ఉంటుంది. అది విప్పండి.”

“హెస్టర్ గారూ, మీరు...”

“విప్పండి సార్.”

క్రాబ్‌ట్రీ వెతికి తీశాడు. అందరి ముందూ ఒక్కొక్కటీ బల్ల మీద వేస్తూ పైకి లెక్కపెట్టాడు. ఇరవై. చేతిలో ఇంకేం మిగల్లేదు.

“నేను లెక్కపెట్టకుండా టిక్కు పెట్టానండీ,” అంది గ్లెనిస్ గబగబా. “ఆవిడదని...”

“అది నీ తప్పు. ఇది నాది. రెండిటినీ కలపకు,” అంది హెస్టర్.

మిగిలిన కట్టలన్నీ విప్పి చూశారు. ఏ ఒక్కటీ తప్పలేదు. ఆంబ్రోస్‌కి నాలుగు వందల ఏడు. రొవీనాకి నాలుగు వందల తొమ్మిది.

క్రాబ్‌ట్రీ వేదికెక్కి అంకెలు చదివాడు. హెస్టర్ గోడ పక్కన నిలబడి చూసింది. పొద్దుట్నించి ఒకళ్లనొకళ్లు కళ్లతో పొడుచుకున్న మనుషులు, ఎవరి దగ్గరా కర్ర లేదు, కత్తి లేదు. ఉన్నవి పెన్సిల్ గీతలు. రొవీనా వైపు ఇద్దరంటే ఇద్దరు మనుషులు ఎక్కువ. ఆంబ్రోస్ టోపీ తీసి చంకలో పెట్టుకుని, హాలు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచివెళ్లి రొవీనా చెయ్యి పట్టుకున్నాడు. ఎవరూ అతన్ని నెట్టలేదు, ఎవరూ నడవమనలేదు. కొండంత మనిషి కాగితం ముక్కకి దారి ఇవ్వడం! హెస్టర్ ఒళ్లు మొదటిరోజులాగే జలదరించింది.

బయట బస్సు స్టాపు దగ్గర ఆంబ్రోస్ పాత వ్యాను వచ్చి ఆగింది. లోపల నుంచి గొర్రె వాసన.

“ఏమే హెస్టర్. లేని అయిదు గొర్రెలు ఉన్నాయని చెబితే మీ నాన్న ఏం చేసేవాడు?”

“తోలు వలిచేవాడు.”

“ఉన్నదున్నట్టు చెబితే?”

హెస్టర్ రొట్టెముక్కలు చుట్టిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

“చాయ్ పోసేవాడు. నాకు తెలుసు, నేనూ తాగాను. ఎక్కు.”

సంత మైదానం దగ్గర వ్యాను నెమ్మదించింది. గేటు వాలిపోయి ఉంది, కమ్మీ మీద తుప్పు.

“ఇళ్లు కడితే కట్టనీ. ఈ గేటు మాత్రం ఆ నర్సమ్మని అడిగి మా పొలానికి తెచ్చుకుంటా,” అన్నాడు ఆంబ్రోస్. “ఇస్తుందంటావా?”

“ఇస్తుంది. దగ్గరుండి మోయించుకో.” గేటు వంకే చూస్తూ అంది, “నీ నాలుగు వందల ఏడులో ఒకటుంది ఆంబ్రోస్. అది ఎవరిదో నాకు తెలీదు. నువ్వు ఓడిపోయావు గానీ, అది మాత్రం లెక్కలోకి వచ్చింది.”

అతనికి అర్థమైందో లేదో. గేరు మార్చాడు.

క్రాబ్‌ట్రీ మరుసటి ఏడు కూడా ఉత్తరం పంపాడు. హెస్టర్ బూడిదరంగు స్వెట్టర్ తొడుక్కుని వెళ్లింది. మొదటి కట్ట గ్లెనిస్ చేతిలో పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆమె పైకి ఇరవై అయిదూ లెక్కపెట్టేదాకా రెండో కట్ట ముట్టుకోలేదు.