రూతు ఆంటీ ఆదివారపు పుస్తకాలు

ఆదివారం మధ్యాహ్నం అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి హాస్టళ్ల సందులోకి తిరిగితే కోడికూర వాసన ఎదురొస్తుంది. ప్రతి హాస్టల్లోనూ ఆ పూట అదే కూర. కాస్త ఎక్కువైన మసాలా, అడుగంటిన అల్లంవెల్లుల్లి. మొన్న ఆ వాసన తగలగానే సందు మొదట్లోనే ఆగిపోయాను. పన్నెండేళ్ల కిందట ఆ వాసనకు నాకు ఆకలి కంటే ముందు భయం వేసేది. భోజనాలు కాగానే రూతు ఆంటీ మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడించేది మరి.

ఆమె మా హాస్టల్ వార్డెన్. పదో తరగతితో చదువు ఆగిపోయింది. భర్త పోయాక కొన్నేళ్లు ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసి, రోగుల పక్కన కూర్చునే గంటల్లో చదవడం అలవాటు చేసుకుందట. గేటు తాళం విషయంలో ఎంత కచ్చితమో, ఆదివారం కూటం విషయంలోనూ అంతే. కంచాలు కడిగి బోర్లించాక భోజనాల గదిలో ముప్పైమందిమీ చాపల మీద కూర్చునేవాళ్లం. ఎవరైనా నలుగురు లేచి, ఈ మధ్య చదివి నచ్చిన పుస్తకం గురించి చెప్పాలి. కథంతా చెప్పకూడదు. ఐదారు వాక్యాలు చాలు. కానీ దాన్ని ఎవరు చదివితే బాగుంటుందో తప్పకుండా చెప్పాలి. జావా, టెస్టింగ్ కోర్సులకు వచ్చిన మాకు మొదట్లో ఇదంతా చాదస్తంగా ఉండేది. అయినా వారం తిరిగేసరికి ఆ పుస్తకాలు ఒక మంచం మీంచి మరో మంచం మీదికి వెళ్లిపోయేవి.

నాకు చిన్నప్పటి నుంచీ నత్తి. ఇంటర్వ్యూల్లో పేరు చెప్పేసరికే చెమటలు పట్టేవి. హాస్టల్లో మూడు నెలలు ఏవో వంకలతో తప్పించుకున్నాను. నాలుగో నెల ఇక కుదరక, పక్క మంచం అమ్మాయి దగ్గర ఒక నవల తీసుకుని అట్ట వెనక ఉన్న వాక్యాలు బట్టీ పట్టాను. పడవ నడిపే ఒకామె కథ అది. బట్టీ పట్టిన మాటలకు నత్తి అడ్డురాదని నా ఆశ. నిజంగానే రాలేదు. రూతు ఆంటీ మాత్రం, ఆ పడవామె చేసిన ఏ పని నీకు బాగా నచ్చిందని అడిగింది. అట్ట వెనక ఆ సంగతి లేదు.

అందరి ముందూ నన్ను నిలదీయకుండా ఆమె ఇంకో అమ్మాయిని లేపింది. సాయంత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నత్తి వస్తే సిగ్గేంది బిడ్డా? చదవకుంటనే చదివిన అన్నవు సూడు, గదీ సిగ్గు. నీ మాట నమ్మి ఒక పిల్ల రెండు దినాలు గా బుక్కు మీద పెడ్తది. ఆగుకుంట చెప్పు. మేం యాడికి పోతున్నం?"

ఆ వారం నవల నిజంగా చదివాను. వరద తీశాక ఆమె తన పడవ చిల్లులు తనే పూడ్చుకునే పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మరుసటి ఆదివారం ఎవరూ పిలవకుండానే లేచాను. 'పడవ' అన్న మాట దగ్గరే ఎన్నిసార్లు చిక్కుకున్నానో లెక్కలేదు. ఎవరో నవ్వబోతే రూతు ఆంటీ అటు చూసింది, అంతే. ఐదు వాక్యాలకు పది నిమిషాలు పట్టింది. చివర్లో ఇద్దరు ఆ పుస్తకం కావాలన్నారు.

ఆ ఏడాది చివర్లో ఆమె గొంతులో గడ్డ ఉందని తేలింది. పంజాగుట్టలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. హాస్టల్ యజమాని ఇదే అదనుగా, కూటం ఆపేసి భోజనాల గదిలో ఎనిమిది మంచాలు వేస్తానన్నాడు. వార్డెన్‌కే మాట లేనప్పుడు ఇంకా ఈ ముచ్చట్లెందుకని అతని వాదన. ఆసుపత్రి నుంచి హాస్టల్‌కు తిరిగొచ్చిన రెండో ఆదివారం, మెడకు గుడ్డ చుట్టుకుని ఆమె తనే చాపలు పరిచింది. నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి నా చేతిలో పెట్టింది. ఆసుపత్రి మంచం మీద తను చదివిన పుస్తకం గురించి ఐదు వాక్యాలు. వాటి కింద, నువ్వే చదవాలి అని రాసి ఉంది. గలగలా మాట్లాడేవాళ్లు అంతమంది ఉండగా నేనేమిటని తల అడ్డంగా ఊపాను. ఆమె కాగితాన్ని వేలితో తట్టింది.

చదివాను. ముసలితనంలో అక్షరాలు దిద్దుకున్న ఒకామె ఆత్మకథ అది. తడబడ్డ చోటల్లా ఆగి, మళ్లీ మాట మొదటి నుంచి పట్టుకున్నాను. మంచాలకు కొలతలు తీసుకోవడానికొచ్చిన యజమాని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మా అమ్మ సుత చదువుకోలే," అన్నాడు నేను ముగించాక. "జర గా బుక్కు ఇయ్యుండ్రి, చదివి ఇనిపిస్త."

మంచాలు పూర్తిగా ఆగలేదు. ఎనిమిదికి బదులు మూడు వచ్చాయి. మేము వాటి మీదా, మిగిలిన చోట చాపల మీదా కూర్చుని కూటం జరుపుకున్నాం.

ఏడు ఇంటర్వ్యూలు పోయాక బంజారా హిల్స్‌లో ఉద్యోగం దొరికింది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆదివారాలు వచ్చి ఆమె కాగితాలు చదివాను. పోయినేడు ఆమె కన్నుమూసింది. పంజాగుట్ట చర్చిలో జరిగిన జ్ఞాపకార్థ కూడికలో, ఎవరైనా మాట్లాడతారా అని పాస్టరు అడిగితే లేచాను. ఆమె దిండు పక్కన సగంలో ఆగిన పుస్తకాన్ని నేను పూర్తిచేశాను. దాని గురించి ఐదు వాక్యాలు, అది ఎవరు చదవాలో ఒక వాక్యం చెప్పాను. చాలాసేపే పట్టింది. ఎవరూ కదల్లేదు.

నత్తి ఇప్పటికీ ఉంది. ఆఫీసు మీటింగుల్లో నా వాక్యాన్ని దయతో ఎవరైనా పూర్తిచేయబోతే చెయ్యి అడ్డం పెడతాను. "ఆగండి, నేను చెప్తాను" అంటాను. ఆ ముక్క అనడానికే కొంతసేపు పడుతుంది. తర్వాత మిగతాది కూడా చెప్తాను.