అద్దం పెంకు

మా అమ్మ తన కోసం నోరు తెరిచి ఏదైనా అడగడం నేను మొదటిసారి విన్నది వంటింటి విషయంలోనే. విని నేనూ నాయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

పోలీస్ యాక్షన్ అయ్యాక రెండో ఏడో, మూడో ఏడో. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. నాయన ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. వంటిల్లని పేరే గానీ అది చీకటి గుయ్యారం. కిటికీ లేదు. పొయ్యి పొగకు గోడలు ఎంత మసిబారాయంటే, వీపు ఆనించి లేస్తే రవికె పనికిరాకుండా పోయేది. ఆ ఏడు పండక్కి దుకాణం సేట్ నాలుగు రూపాయలు ఎక్కువిచ్చాడు. దాంతో వంటిల్లు బాగుచేసుకుందామని నాయనే అన్నాడు. మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల పెట్టెల చెక్కలు చవగ్గా దొరుకుతాయి, అల్మర కొట్టించొచ్చు. పొయ్యి పక్కన విరిగిన షాబాదు బండ ఒకటి పరిపించొచ్చు. సున్నం మనమే వేసుకుంటే కూలి మిగులుతుంది. ఇలా నాయన వేళ్లు మడుస్తూ పోతుంటే అమ్మ మధ్యలో అందుకుంది.

"బండ అద్దు, అల్మర అద్దు. కప్పుల ఒక అద్దం పెంకు పెట్టియ్యున్రి."

"అద్దం పెంకా! వంటింట్ల ఎల్తురు ఏం జేస్కుంటవే? ఇన్నేండ్లు ఏం దేవులాడకుండనే వండితివి గద?"

"ఇన్నేండ్లు ఏరు, ఇప్పుడు ఏరు. జర పెట్టియ్యున్రి."

అంతే. ఎంత చెప్పినా అదే మాట. అమ్మకు అంత మొండితనం ఉందని నాకు తెలియదు. కళ్లు మసకబారుతున్నాయేమో, చెప్పుకోలేక ఇలా అడుగుతోందేమో అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. నాయన చదువంతా ఉర్దూలో సాగింది. దుకాణం కాగితాలు గడగడా రాసేవాడు గానీ తెలుగు కార్డు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చేవాడు. అమ్మ బడి మొహమే చూడలేదు. ఊరి నుంచి మామ రాసే కార్డులు నేనే చదివి వినిపించాలి. వంటిల్లు బాగుచేయడానికి ముందటి ఏడు, నాకు పన్నెండేళ్లప్పుడు, ఒక కార్డు వచ్చింది. బర్రె ఈనింది, జొన్న బాగా పండింది అని రాసి, ఆ కింద ఇలా ఉంది: "అమ్మకు పానం మంచిగ లేదు. అమ్మ నిన్ను ఒక్కపారి చూడాలంటున్నది. జల్ది రా చెల్లె."

ఆ వరుస దగ్గర నా గొంతు ఆగిపోయింది. అంతకుముందు అమ్మ పుట్టింటికి పోతే నెల రోజులు బడి మానేసి ఆ పొయ్యి ఊదింది నేనే. తిరిగి బడికి పోతే కింది తరగతిలో కూర్చోమన్నారు. ఇప్పుడేమో పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి. అవి కాగానే చెబుదాం, ఈలోగా ముసలమ్మ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. నా నోట్లో మన్ను పడ! ఆ మాటలు మింగేసి, "అందరు మంచిగున్నరంట" అని ముగించాను.

పరీక్షలు పూర్తికాకముందే అమ్మమ్మ పోయిందని ఊరి నుంచి మనిషి వచ్చాడు. అమ్మ వెళ్లేసరికి అంతా అయిపోయింది. మామ అమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకో నాకు తెలుసు. అమ్మకు తెలియదనుకున్నాను. ఆ తర్వాత మామ నుంచి కార్డులు రావడం ఆగిపోయింది. నేను మాత్రం ఏమీ చెప్పలేదు.

సరే, ఏడాది తర్వాత సున్నం వేసే రోజు వచ్చింది. మసి గీకే పని నాకు పడింది. పొయ్యి పక్క గూట్లోంచి పిండి డబ్బాలు ఒక్కొక్కటే తీసి బయట పెడుతున్నాను. చివరి డబ్బా తీసి, దీపం దగ్గరికి జరిపి చూశాను.

గూటి గోడ నిండా అక్షరాలు! మసి మీద పుల్లతో గీసినవి, పలక మీద రాసినట్టు తెల్లగా కనిపిస్తున్నాయి. కింద వంకర టింకరగా అ, ఆలు. ఆ పైన గుణింతాలు. నేను పొయ్యి దగ్గర కూర్చుని పైకి చదివిన పాఠాలు, అవే వరసలో. అన్నిటికన్నా పైన ఒకే మాట, ఒకదాని కింద ఒకటిగా ఐదారుసార్లు: "అమ్మ నిన్ను ఒక్కపారి చూడాలంటున్నది."

ఆ కార్డు కూడా అక్కడే, గూటి మూలకు ఆనించి ఉంది.

"ఏందే, ఆగినవ్?" వెనక అమ్మ, చేతిలో సున్నం బకెట్.

"నీకు... సదువొస్తదా అమ్మా?"

"ఔ."

"ఎప్పటిసంది?"

"మా అమ్మ దినాలకు పోయొచ్చినప్పటిసంది. గా కార్డు సదువుకుంట ఒక్కతాన ఊపిరి బిగవట్టినవ్. మీ మామేమో నా దిక్కు సూడకపాయె. గాడ ఏముండెనో తెల్సుకుందామని నేర్సిన."

"నన్ను అడగకపోతివి?"

"నువ్వే చెప్తవని సూసిన."

తిడితే బాగుండు, రెండు దెబ్బలేసినా బాగుండు అనిపించింది. ఆమె అదేం చేయలేదు. నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే, "సున్నం గట్టిపడ్తది, జరుగు," అని కుంచె తీసుకుని, గూట్లో మసి గీకకుండానే మూడు పూతలు వేసింది.

మర్నాడు కప్పు మీద అద్దం పెంకు పెట్టారు. మధ్యాహ్నం పొయ్యి ముందు పీటంత వెలుగు పడింది. అమ్మ ఆ వెలుగులో కూర్చుని, కొత్త కార్డు తెప్పించుకుని, పొద్దు వాలేదాకా రాసింది. రాసి నా చేతికిచ్చి చదవమంది.

"అన్నా, నీ కార్డు అందింది. ఇంట్ల పని ఒడువక, తీరిక లేక నేనే రాలేదు. తప్పు నాదే."

ఈసారి మింగడానికి ఏమీ లేదు. అన్నీ పైకే చదివాను. "ఇట్ల రాస్తే మామ నీ మీద ఇంకా కోపం చేస్తడు గదమ్మా?"

"చెయ్యనీ. నీ మీద చెయ్యకుంటె సాలు. పోయి డబ్బాల ఏసి రా."

కార్డు తీసుకుని స్టేషన్ ముందున్న పోస్టు డబ్బా దాకా నడిచాను. కార్డు అడుగున ఇంకో రెండు వరుసలు పట్టేంత చోటుంది. నా దగ్గర పెన్సిల్ కూడా ఉంది. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. చివరికి కార్డు అట్లాగే డబ్బాలో వేసి ఇంటికొచ్చాను.