పెదకోట వారి పగులు

నా గొప్పలు ఒక మంచి మనిషి ప్రాణం మీదికి తెచ్చిన సంగతి చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

కొన్నేళ్ల కిందట సౌదీలో దమ్మామ్ దగ్గర ఒక ఫ్లయింగ్ క్లబ్బులో కొత్తగా మెకానిక్‌గా చేరాను. మాది పెదకోట జమీ. జమీ తాతగారితోనే పోయింది, వంగని మెడ నాకు మిగిలింది. అందరిచేతా పెదకోట అని ఇంటిపేరుతోనే పిలిపించుకునేవాణ్ని.

ఒకే రకం పాత విమానాలున్న యజమానులకు అక్కడొక వాట్సాప్ గ్రూపు. లోపం కనబడితే ఫొటోతో, కనిపెట్టినవాడి పేరుతో పెట్టాలి. మిగతావాళ్లు తమ విమానాల్లో అదే చోట చూసుకుంటారు.

ఒకనాడు ఒక విమానంలో పైలట్ సీటు ముందుకీ వెనక్కీ జరిగే లోహపు పట్టాకు పగులు కనబడింది. నెల కిందటే అది బాగుందని సంతకం పెట్టింది నేనే. యజమానికి అరిగిందని చెప్పి కొత్త పట్టా వేశాను. గ్రూపులో పెట్టలేదు. పెదకోట వారి తప్పు పదిమందిలో పెట్టడమా?

రెండు రోజులకు ధహ్రాన్‌లో ఇంజనీరుగా చేసే వేణుగోపాల్ గారు పిలిచారు. ఆయనదీ అదే రకం విమానం. "రండి పెదకోట గారూ, ఒక చుట్టు తిప్పుతాను." కాదంటే పిరికివాడంటారని వెనక సీట్లో కూర్చున్నాను.

విమానం కదిలాక పగులు గుర్తొచ్చింది. నేల విడిచేటప్పుడు పట్టా విరిగితే సీటు వెనక్కి జారుతుంది. పైలట్ చేతిలోని స్టీరింగు కూడా వెనక్కి వస్తుంది. విమానం ముక్కు నిటారుగా లేచి, ఆ తర్వాత కిందికే. రెండు చేతులతో ఆయన సీటును వాటేసుకున్నాను.

"ఏంటండీ, భయమా?"

"మా వంశంలో భయం లేదండి. ఇది గౌరవం."

"మీ గౌరవానికి నా భుజాలు నలిగిపోతున్నాయండీ బాబూ."

రన్‌వే మొదటికి వచ్చాం. ఇంజను హోరెత్తింది. నా పళ్లు దానికంటే గట్టిగా కొట్టుకున్నాయి.

"ఆపండి. మీ సీటు పట్టా చూడాలి. ఇలాంటి విమానంలోనే పగులు చూశాను. ఎవరికీ చెప్పలేదు."

ఆయన ఇంజను ఆపారు. నావైపు తిరిగి, "నాకు ఇద్దరు ఆడపిల్లలండీ" అన్నారు. అంతే.

టార్చి వేసి చూస్తే అదే చోట వెంట్రుకంత పగులు. నా సంతకం సంగతితో సహా గ్రూపులో పెట్టి, ఎగతాళి కోసం కాచుకున్నాను. ఎవరూ చెయ్యలేదు. రియాద్ నుంచి ఒకాయన, తన విమానంలోనూ ఉందని, షుక్రన్ అని ధన్యవాదాలు రాశారు.

ఎగతాళి కంటే ఘోరం తర్వాత జరిగింది. ఆ పగులుకు కనిపెట్టినవాడి పేరే స్థిరపడింది. ఇప్పుడు తనిఖీ చేసినప్పుడల్లా యజమానులు ఒకరినొకరు అడుగుతారు:

"పెదకోట ఉందా?"

"లేదు, అల్‌హమ్‌దులిల్లా."

పోయిన జమీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ లోపమూ గంటసేపైనా దాచను. ఇంటిపేరు మాత్రం రాయను.