లీడర్ ఎత్తుకు దించిన సీటు

2023 వేసవి. ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే వాలులో, ఒక టిఫిన్ సెంటర్ పైన నా ఫిజియోథెరపీ క్లినిక్. నా బోర్డుకు అడ్డంగా సినిమా ఫ్లెక్సీలు కట్టడం మీద అప్పటికే ఎన్నో అర్జీలు పెట్టాను. ఇప్పటికీ పెడుతూనే ఉన్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫైటర్లు, డాన్సర్లు, డూపులు. ఒకసారి ఒక హీరో కూడా వచ్చాడు. తాళ్లతో గాల్లోకి లేపే రోప్ షాట్‌లో కుడి భుజం జారి, చెయ్యి ఛాతీ ఎత్తుకు మించి లేవని స్థితిలో ఉన్నాడు. నెలల తరబడి ఆయన ఇంటికి వెళ్లి ఆ చేతిని మామూలు చేశాను. సినిమా ఫంక్షన్‌లో ఆయన జిమ్ ట్రైనర్‌కు, వంటవాడికి, జ్యూస్ పంపిన షాపువాళ్లకు కూడా కృతజ్ఞతలు చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. తర్వాత ఆయన మేనేజర్ ఎవరిదో నడుము నొప్పి గురించి ఫోన్ చేసి, "మన మసాజ్ ఆయనేగా మాట్లాడేది?" అన్నాడు. ఇలాంటివి మరిచిపోయే రకాన్ని కాను.

శైలు వచ్చింది ఆ వేసవిలోనే. అసలు పేరు శ్రీశైలం. షేక్‌పేట పాత ఊళ్లోనే పుట్టి పెరిగాడు. సన్నగా, ఎండకు నల్లబడి ఉన్నాడు. విదేశాల్లో రేసులు తిరిగే ఒక చిన్న జట్టులో జీతానికి సైకిల్ తొక్కుతానని చెప్పాడు. మన ఊరివాడు రోడ్ రేసింగ్‌లో ప్రొఫెషనల్ అని నేను వినడం అదే మొదలు. మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి. రెండు నెలల్లో ఒక టూర్ ఉంది. టూర్ అంటే రోజుకొక దూరం చొప్పున వారంపాటు సాగే పోటీ. అది పూర్తి చెయ్యలేకపోతే జట్టు వచ్చే ఏడాదికి అతణ్ణి ఉంచుకోదు.

"ముప్ఫై దాటినంక కొత్త జట్టుల చోటు ఎవ్వరియ్యరు సార్. ఇదొక్కటే ఉన్నది," అన్నాడు.

తొడ కండరాలకు వ్యాయామాలు ఇచ్చాను, చిప్పకు టేపు వేశాను. వారం తగ్గేది, పొడుగు రైడ్‌కు వెళ్లి రాగానే మళ్లీ మొదటికొచ్చేది. నేను చెప్పినవి ఇంటి దగ్గర చెయ్యడం లేదేమోనని కోపం వచ్చింది.

"నా మాట విననివాళ్లకు ఇక్కడ మంచం లేదయ్యా," అన్నాను.

"మీ మాట వింటున్న సార్. మోకాలే వింటలేదు."

మర్నాడు సైకిల్ తీసుకుని రమ్మన్నాను. మెట్ల మీదుగా భుజాన మోసుకొచ్చాడు. దాన్ని స్టాండుకు బిగించి తొక్కించాను. గోనియోమీటర్ అని కీలు ఎంత వంగిందో కొలిచే పరికరం ఉంటుంది. పెడల్ పూర్తిగా కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొంచెమే వంగి ఉండాలి. ఇతనిది అవసరమైన దానికంటే బాగా ఎక్కువ వంగుతోంది. సీటు అతని కాళ్లకు ఉండాల్సిన ఎత్తుకంటే వేలి మందం కిందికి ఉంది. ప్రతి తొక్కుడుకూ చిప్ప మీద అదనపు బరువు పడుతోంది.

"ఈ సీటు పెట్టిన మెకానిక్ ఎవరు? అతని మీద ఫిర్యాదు రాసి పంపుతాను."

"నేనే పెట్టిన సార్."

"నీ కొలత నీకు తెలియదా?"

"ఎందుకు తెల్వది? ఇది నాది గాదు సార్. మా లీడర్ కొలత."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

రోడ్ రేసులో జట్టంతా ఒక్కడి కోసం తొక్కుతుంది. ఆ ఒక్కడు లీడర్. మిగతావాళ్లను డొమెస్టిక్ అంటారు, సహాయకుడని అర్థం. లీడర్‌కు ముందు తొక్కుతూ ఎదురుగాలిని తాము తీసుకుంటారు, వెనక వచ్చేవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. జట్టు కారు దాకా వెనక్కి వెళ్లి నీళ్ల సీసాలు చొక్కాలో దోపుకుని తెస్తారు. చివరి కొండ దగ్గర వీళ్ల సత్తువ అయిపోతుంది, లీడర్ ముందుకు వెళ్లిపోతాడు. ఇదంతా శైలు నాకు స్టాండు మీద తొక్కుతూనే చెప్పాడు. లీడర్ సైకిల్ పాడైతే, కారు వచ్చేదాకా ఆగే వీలుండదు. పక్కనున్నవాడు తన సైకిల్ ఇచ్చేస్తాడు. లీడర్ కాళ్లు శైలు కాళ్లకంటే కాస్త పొట్టి. సీటు ఎత్తుగా ఉంటే కొండ మీద అతను సరిగా తొక్కలేడు. అందుకని శైలు తన సీటును రెండేళ్లుగా అతని ఎత్తుకే దించి, దాని మీదే తొక్కుతున్నాడు.

"ఈ రెండేళ్లలో నీ సైకిల్ ఎన్నిసార్లు తీసుకున్నాడు?"

"ఒక్కపారి."

"ఒక్కసారి కోసం రోజూ మోకాలు అరగదీసుకుంటావా?"

"రెండోపారి ఎప్పుడొస్తదో తెల్వదు గద సార్."

"అతనికి తెలుసా ఈ సంగతి?"

"తెల్వది. తెలిస్తే మొహమాటపడతడు. మొహమాటపడేటోడు గెల్వడు సార్."

పోస్టర్ మీద తన అక్షరాలు పక్కవాడి అక్షరాలకంటే సన్నగా పడ్డాయని షూటింగ్ మానేసినవాళ్లకు వైద్యం చేసినవాణ్ణి నేను.

సీటు పైకి లేపకపోతే వైద్యం చెయ్యనని భీష్మించాను. జట్టు మేనేజర్‌కు ఈమెయిల్ రాస్తానన్నాను. రాశాను కూడా. మూడు పేరాలు, గట్టిగా. శైలు చదివి, "రోగి సంగతి బయట చెప్తరా సార్ డాక్టర్లు?" అన్నాడు. జీవితంలో నేను రాసి పంపకుండా ఆపిన ఫిర్యాదు అదొక్కటే.

చివరికి ఒప్పందం కుదిరింది. ఇక్కడ తొక్కినన్నాళ్లూ సీటు అతని ఎత్తుకే ఉండాలి. టూర్ మొదలయ్యాక మాత్రమే దించుకోవచ్చు. సీటు కింది గొట్టానికి, లీడర్ ఎత్తు దగ్గర నేనే నీలం టేపు చుట్టాను. సీటు పైకి ఉంటే టేపుకీ ఫ్రేముకీ మధ్య వేలి మందం ఖాళీ కనబడుతుంది. క్లినిక్‌కు వచ్చిన ప్రతిసారీ ఆ ఖాళీ చూసేవాణ్ణి. మాట తప్పలేదు. మోకాలు నెమ్మదిగా దారిలోకి వచ్చింది. జూబ్లీహిల్స్ వాలులన్నీ ఎక్కి దిగి వచ్చి, "నొప్పి లేదు సార్" అన్న రోజున నేను కింద టిఫిన్ సెంటర్ నుంచి ఇద్దరికీ పెసరట్లు తెప్పించాను.

టూర్ చివరి రోజు క్లినిక్‌లో ఫోన్‌లో చూశాను. పక్క మంచం మీద మెడను లాగి ఉంచే ట్రాక్షన్ పెట్టించుకున్న ఒక ప్రొడక్షన్ మేనేజర్ ఉన్నాడు.

"ఎవరండీ మనోడు?"

"అదిగో, ముందు గాలి కోస్తున్నవాడు."

"గెలుస్తాడా?"

"అది అతని పని కాదండి."

"మరి ఎందుకు చూస్తున్నారండీ?"

ఆఖరి కొండ మొదట్లో నలుగురైదుగురు కలిసి పడ్డారు. వాళ్లలో లీడర్ ఉన్నాడు. లేచాడు, కానీ చక్రం వంగిపోయింది. అతను తల తిప్పి చూసేలోపే శైలు దిగేశాడు. సైకిల్‌ను సీటు పట్టుకుని నిలబెట్టాడు, లీడర్ ఎక్కగానే వీపు మీద చెయ్యి పెట్టి కొండ మీదికి తోస్తూ పరుగెత్తాడు. కెమెరా దగ్గరగా ఉంది. నీలం టేపు ఫ్రేముకు ఆనుకుని ఉంది. లీడర్ ఒక్కసారి కూడా సర్దుకోలేదు. తన సైకిల్ ఎక్కినట్టే ఎక్కి వెళ్లిపోయాడు. కెమెరా అతని వెంటే వెళ్లింది.

ట్రాక్షన్‌లో ఉన్న మనిషి తల తిప్పబోయాడు. తిప్పొద్దని కసిరాను. నా కళ్లలో నీళ్లున్నాయి.

లీడర్ టూర్ గెలిచాడు. వ్యాఖ్యాతలు శైలు పేరు ఒక్కసారైనా పలకలేదు. "జట్టు సభ్యుడు" అన్నారు. అతను గమ్యం చేరాడో లేదో కూడా చూపలేదు. మొదటివాడు చేరాక నిర్ణీత సమయం దాటితే ఫలితాల్లోంచి తీసేస్తారు. ఆ రోజే ప్రసారం చేసిన వాళ్లకు గట్టిగా ఈమెయిల్ పెట్టాను. జవాబు ఇంతవరకు లేదు.

శైలు తిరిగొచ్చాక తెలిసింది. వంగిన చక్రంతో ఎంతోసేపు నిలబడి, కారు తెచ్చిన ఇంకో సైకిల్ మీద తరుముకుంటూ వెళ్లి, గడువులోపలే చేరాడట. ఇంకో ఏడాదికి ఒప్పందం రాసిచ్చారు.

"లీడర్ ఏమన్నాడు?"

"ఏమనలే సార్. సాయంత్రం హోటల్ల నా సైకిల్ కాడికొచ్చిండు. సీటు దిక్కు చూసిండు, నా కాళ్ల దిక్కు చూసిండు. పోయి పానా తెచ్చి ఆయనే సీటు పైకి జరిపి బిగించిండు. మళ్ల దించొద్దన్నడు. గంతే."

నేను పంపిన ఫిర్యాదు చూపించాను. చదివి నవ్వాడు.

"నా పేరు చెప్పాలంటే కెమెరా నా కాడ ఆగాలె గద సార్. కెమెరా నా కాడ ఆగిందంటే, లీడర్ కదల్లేదన్నట్టు."

ఆ కేసు తర్వాత నా పద్ధతి మారింది. ఇదివరకు నొప్పి ఎక్కడ అని అడిగేవాణ్ణి. ఇప్పుడు ఎవరి ఎత్తుకు పని చేస్తున్నారని కూడా అడుగుతాను. హీరో భుజాల ఎత్తుకు సరిపోవాలని మోకాళ్లు వంచి ఫైట్లు చేసే పొడుగాటి డూపులు ఇక్కడ ఎంతమంది ఉన్నారో అలా అడిగాకే తెలిసింది.

ఆ మధ్య హీరోగారి ఫంక్షన్ వీడియో మళ్లీ పెట్టుకున్నాను. పేరు చెప్పకపోవడం తప్పే, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఈసారి శబ్దం తీసేసి చూశాను. మాట్లాడటం అయ్యాక ఆయన జనానికి చెయ్యి ఊపాడు. ఆ కుడి చెయ్యి నిటారుగా, చెవి పక్కదాకా లేచింది. అక్కడ ఆపి చాలాసేపు చూశాను.