అమ్మ వంతు

నాగకుమారి టూరిస్టులు దిగే వైట్ టౌన్ పేటలోని ఒక గెస్ట్‌హౌస్‌లో దుప్పట్లు ఉతుకుతుంది. పుట్టిందీ కాపురముంటున్నదీ ఆ ఊళ్లోనే, ఉప్పళం పేటలో. ఇంట్లో మాట తెలుగు. ఆ తెలుగుకు అక్షరాలుంటాయని మాత్రం ఆమెకు దుకాణాల బోర్డులు కూడా చెప్పలేదు, అవన్నీ తమిళంలో ఉంటాయి. మూడో తరగతి చదివే కూతురు సుష్మితకైనా ఆ అక్షరాలు రావాలని ఆమె కోరిక. అది విని, మేడమీద అద్దెకు దిగిన యానాం ఆవిడ లక్ష్మీదుర్గ, నాగకుమారి ఇంట్లో ఉండే పాత ఫోనులో తెలుగు నేర్పే యాప్ ఒకటి వేసిచ్చింది.

ప్రతి పాఠం చివరా 'అమ్మ వంతు' వస్తుంది. ఫోను చెప్పిన ప్రశ్నను తల్లి తన నోటితో అడగాలి, బిడ్డ జవాబివ్వాలి. అప్పుడే తరువాతి పాఠం తెరుచుకొంటుంది. అడిగిన ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి.

మొదటిరోజు ఫోను "నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు?" అంది. నాగకుమారి ఉత్సాహంగా, "నువ్వు యాడికి పోతా ఉండావు?" అంది. తెరమీద ఎర్రగా 'తప్పు' పడింది. సుష్మిత పకపకా నవ్వింది. నాలుగు రోజులు అదే తంతు. ఆ తరువాత, చేతులు పీకుతుండగా ఇల్లు చేరిన ప్రతి సాయంత్రమూ "రేపు చూస్తాంలేమ్మా" అనడమే అయింది.

ఒకనాడు లక్ష్మీదుర్గ ఫోను చూసి ఆశ్చర్యపోయింది. "అబ్బో, పాఠాలు ఎక్కడా ఆగలేదే! మీ ఓపికకి దండం పెట్టాలండీ!"

నాగకుమారికి ఏమీ బోధపడలేదు. అయినా తల ఊపింది.

మర్నాడు గడపలో చెప్పులు విడుస్తుంటే లోపల తన గొంతే వినిపించింది. అదే బొంగురు, మాటకు ముందు అదే నిట్టూర్పు. "నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు?" తాను ఏనాడూ పలకలేకపోయిన ఆ వాక్యాన్ని తన గొంతు తడబడకుండా పలుకుతోంది.

"ఏందే ఇది?"

సుష్మిత ఉలిక్కిపడింది. "నువ్వు అలిసిపోయి వస్తావు గదమ్మా. దానికేమో నీ మాట పట్టదు. అందుకే నీ వంతు కూడా నేనే, నీలా గొంతు మార్చి..."

"నేను లేకుండానే నన్ను చేసేసినావే!"

కోప్పడడానికైనా ఓపిక ఉండాలి. ఆమె గోడకు చేరగిలబడి చెయ్యి చాచింది. "ఇట్లా ఇయ్యి ఆ ఫోను."

ఆమె నోట మళ్లీ 'యాడికి' దొర్లింది. తప్పు. సుష్మిత తల్లి గడ్డం పట్టుకొని "ఎక్... కడికి" అని పలికించింది. ఆ మాట కుదిరేసరికి చివర 'పోతా ఉండావు' వచ్చి కూర్చుంది. మళ్లీ తప్పు.

"నేను చెప్పేదామ్మా?" కూతురు జాలిగా అడిగింది.

"వద్దు. అడిగేది నేను. నువ్వు జవాబు చెప్పు, చాలు."

ఆ పూట పాఠం తెరుచుకోలేదు. నాగకుమారి లేచి బియ్యం కడగబోయింది. నీళ్లు వంపుతూ "వెళ్తున్నావు" అని మెల్లగా అనుకొంది. 'ళ్త' దగ్గర నాలుక జారింది.

"మళ్లా చెప్పమ్మా," అంది వెనకే వచ్చిన సుష్మిత.