కుడిచేతి మూల తెల్లగడి

నా చిన్నప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లోని డాలీగంజ్ మైదానంలో సినిమా వేసే రోజున ప్రొజెక్టరు సరిగ్గా సాయంత్రం ఆరుంపావుకు వెలిగేది. తెర వెడల్పు పన్నెండడుగులు, ఎత్తు తొమ్మిది. తెర ముందు నలభై అడుగుల మేర పెద్దవాళ్ళు చాపలు పరుచుకునేవారు. ఆలస్యంగా చేరిన పిల్లలకు తెర వెనక్కి పోవడమే దారి. బతు బస్తీలోని మా ఇంటి నుంచి అక్కడికి ఇరవై రెండు నిమిషాల నడక; నా చోటు ఎప్పుడూ వెనకే. గుడ్డ పలచన గనుక బొమ్మ అటువైపూ స్పష్టంగానే కనిపించేది. పేర్లు తిరగబడి ఉండేవి. వీరులందరూ ఎడమచేత్తో కత్తి దూసేవారు. మాకది వింతగా తోచేది కాదు.

చెప్పవలసిన దూరం మరొకటి ఉంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖపట్నానికి సముద్రం మీద సుమారు పన్నెండు వందల కిలోమీటర్లు. ఓడకు మూడు రోజులు. నెలకు ఒక్కటే ఓడ. ఆ ఓడ మోసే టపాలో మా తాతయ్య, విశాఖలో ఉండే ఆయన తమ్ముడు చదరంగం ఆడుకునేవారు. ఓడకొక ఎత్తు, ఎత్తుకొక పోస్టుకార్డు. అంతకు ముందు ఆడిన రెండు ఆటలూ చిన్న తాతయ్యే గెలిచాడు. మూడో ఆట మొదలై ముప్పై ఒక్క నెలలైంది. ఈసారి పైచేయి మా తాతయ్యది. చిన్న తాతయ్యకు గుండె జబ్బు ముదిరిందని ఉత్తరాలు వస్తున్నాయి. ఈ ఒక్క ఆట ముగించుకోవాలన్నది ఇద్దరి కోరిక.

మా తాతయ్య కళ్ళకు శుక్లాలు కమ్మాయి. రంపపు మిల్లులో పనిచేసిన రోజుల్లో ఎర్ర పడాక్ చెక్కనూ ఒక తెల్ల చెక్కనూ అతికి ఆయనే చేసుకున్న పలక మీద, గళ్ళ మధ్య గాడిని వేళ్ళతో తడిమి ఆడేవాడు. కార్డులు చదివేదీ రాసేదీ నేను. నాకు ఆట రాదు. ఆయన చెప్పిన ఒక్క సంగతి మాత్రం గట్టిగా గుర్తుంది: "నా ఒంటె ఎర్రగళ్ళ ఒంటెరా. చచ్చేదాకా ఎరుపు దాటదు."

సినిమాలో చదరంగం కనిపిస్తే ఇంటికి వచ్చి ఆయనకు వర్ణించి చెప్పడం నా బాధ్యత. "గళ్ళు లెక్కెట్టావా? ఏనుగు ఎటు నడిచింది?" అని ఆరా తీసేవాడు. ఒక సినిమాలో పలకకు ఏడే వరసలని చెబితే రెండు రోజులు నవ్వుకున్నాడు. "ఎత్తు ఎయ్యకముందు ఆలోచించరు, ఏసినాక ఆశ్చర్యపోతారు. ఈళ్ళా రాజులు?" అనేవాడు.

ఒక గురువారం ఓడ చిన్న తాతయ్య కార్డు తెచ్చింది. ఆ సాయంత్రమే మైదానంలో ఒక పాత రాజుల సినిమా వేశారు. మర్నాడు మళ్ళీ అదే. అందులో ఇద్దరు రాజులు దంతపు కాయలతో ఆడారు. తొందర లేదు, మాటలు లేవు. పలక తెర నిండా చాలాసేపు నిలిచింది. ప్రతి ఆటగాడికీ కుడిచేతి మూల నల్లగడి ఉంది. మా తాతయ్య పలకకు ఆ మూల తెల్లగడి. చూపు తగ్గి తాతయ్య పలకను పక్కకు తిప్పి పెట్టుకున్నాడని నాకు నిశ్చయంగా తోచింది. ఆ మాట చెబితే ఆయన చిన్నబుచ్చుకుంటాడు. చెప్పకుండా సరిచేయడమే దయ అనుకున్నాను.

శుక్రవారం ఉదయం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు పంతొమ్మిది కాయలూ తీసి, పలకను పావు వంతు తిప్పి, అంచు నుంచి వరసలు లెక్కించి తిరిగి పెట్టాను. పద్దెనిమిది సరిగ్గా కుదిరాయి. ఒంటె దగ్గరికి వచ్చేసరికి లెక్క ప్రకారం దాని గడి తెల్లది. ఎరుపు దాటదన్నాడు కదా! నేనే లెక్క తప్పాననుకుని ఒక్క గడి పక్కకు, ఎరుపు మీదికి జరిపాను.

పది గంటలకు తాతయ్య పలక తడిమాడు. ఒంటె దగ్గర వేళ్ళు ఆగాయి. మళ్ళీ మొదటి నుంచీ తడిమాడు. ఇన్నాళ్ళూ తనే దాని గడి తప్పుగా గుర్తుపెట్టుకున్నాననుకున్నాడు కాబోలు, ముఖం వెలిగింది. తమ్ముడి రాజు ముందున్న బంటును మంత్రితో తిన్నానని, వెనక ఒంటె కాపు ఉందని, "ఆట కట్టు" అని కార్డు మీద నా చేత రాయించాడు. మూడు గంటలకు టపా సంచీ కట్టేశారు.

ఆ సాయంత్రం నేను పెందలాడే మైదానం చేరాను. ప్రొజెక్టరు భయ్యా నన్ను చూసి, "అరే బాబూ, ఇవాళైనా ఆగే బైఠో. జగా ఖాళీగా ఉంది," అన్నాడు. ముందు కూర్చున్నాను. వీరుడు కుడిచేత్తో కత్తి దూశాడు. ఏడు గంటలు కావస్తుండగా చదరంగం వచ్చింది. కుడిచేతి మూల తెల్లగడి.

రేవు వైపు నుంచి ఓడ కూత వినిపించింది. నేను లేచి నిలబడ్డాను. వెనకవాళ్ళు కూర్చోమన్నారు. కూర్చున్నాను. చేయగలిగింది ఏమీ లేదు.

ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. తాతయ్య పలక దగ్గరికి జరిగి, వేలితో ఒంటెను ఒక్క గడి పక్కకు, దాని పాత చోటికి తోశాడు. కాపు లేని మంత్రిని కాసేపు ముట్టుకుని ఉన్నాడు.

"తెర ఎనకాల కూకున్నావా?"

"ఊఁ."

"ముందునుంచి సూస్తే తెల్లగడేనా?"

"తెల్లగడే."

"అయితే ఆ సినిమా తీసినోడికి ఆట తెలుసురా."

తార్ కొడదాం, టెలిగ్రాం అయితే ఓడకంటే ముందే అందుతుంది అన్నాను. "తార్ చావుకీ పుట్టుకకీ రా, ఆటకి కాదు. ఎత్తు ఎల్లిపోయింది," అన్నాడు.

ఇరవై తొమ్మిది రోజుల తర్వాత జవాబు వచ్చింది. "అన్నయ్యా, నీ మంత్రిని రాజుతోనే తిన్నాను. కళ్ళు మరీ తగ్గాయా? నాకు బెంగగా ఉంది." నేను గట్టిగా చదవలేకపోయాను, రెండోసారి చదివించుకున్నాడు. తర్వాత నా చేత పది మాటలు రాయించాడు: "కళ్ళు బాగానే ఉన్నాయి. నేనే తొందరపడ్డాను. ఈ ఆట నీది. కొత్తది మొదలెట్టు." నా పేరు ఎక్కడా రానివ్వలేదు. ఆ కార్డు బయలుదేరిన రెండో రోజున, ఓడ ఇంకా నడిసముద్రంలో ఉండగా, విశాఖ నుంచి తార్ వచ్చింది.

తర్వాత నేను ఆట నేర్చుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు రేవులో సర్వే పని చేశాను. ఆ పలకను ఎన్నోసార్లు అదే స్థితిలో పేర్చి చూశాను. ఒంటె తన గడిలోనే ఉంటే మా తాతయ్య గెలుపు ఖాయం, కాని పది ఎత్తులు పట్టేవి. పది ఎత్తులంటే పది ఓడలు. చిన్న తాతయ్యకు మిగిలింది ఒక్క ఓడ. ఈ లెక్క సరైనదే. దానివల్ల నాకు ఊరట మాత్రం కలగలేదు.

ఇప్పటికీ ఏ పాత సినిమాలో చదరంగం వచ్చినా నా చూపు ముందు కుడిచేతి మూలకే పోతుంది. చాలాసార్లు తప్పుగానే ఉంటుంది. మనవరాలు నవ్వుతుంది. నేను నవ్వే ముందు, ఎటు కూర్చుని చూస్తున్నానో ఒకసారి సరిచూసుకుంటాను.

ఆనాటి నష్టం ఇది: మంత్రి ఒకటి, ముప్పై రెండు నెలల ఆట ఒకటి, అందినా చదివే మనిషి లేని కార్డు ఒకటి, తమ్ముడు ఒకడు. తిరిగి వచ్చింది ఏమీ లేదు.